‘ప్రీచర్’ మీద ఎవరి కోపం దేనికి?

అమెజాన్ ప్రైమ్‌లో ‘ది బాయ్స్’ చూసి, దాని మూల కామిక్ రాసినవాడు ఇంకేం రాశాడా అని వెతుక్కుంటూ వెళ్లేవాళ్లకు ముందుగా తగిలే పేరు ‘ప్రీచర్’ అనే కామిక్. దాని గురించి నలుగుర్ని అడిగితే ఇద్దరు వెంటనే మొదలుపెట్టమంటారు, ఇద్దరు డబ్బు తగలేసుకోవద్దంటారు. ఇంతవరకూ మామూలే. వద్దన్న ఆ ఇద్దర్నీ కారణం అడిగినప్పుడే అసలు తమాషా మొదలవుతుంది. దేవుణ్ణి ఇంత నీచంగా చూపిస్తారా అని ఒకరి కోపం. రెండోవారికి దేవుడి సంగతి అసలు పట్టదు. ముఖం పాడైపోయిన కుర్రాణ్ణి చూపించి నవ్వమంటున్నాడే అని వారి కోపం. ఇక రక్తం చూడలేక పక్కన పెట్టేవాళ్లు వేరే.

మెచ్చుకునేవాళ్లలోనూ ఇంతే తేడా. కొందరికి ఇది మతం మీద దండయాత్ర. కొందరికి పాతకాలపు స్నేహధర్మం గురించిన కౌబాయ్ కథ. వీటన్నిటినీ ‘వివాదాస్పదం’ అనే ఒకే గోనెసంచిలో కుక్కి మూతి కట్టేయడం వల్ల అయోమయం పెరుగుతుంది. సంచి విప్పి వేటికవి విడదీద్దాం. కథ చివరిదాకా చెప్పక తప్పదు కాబట్టి, చదవబోయేవాళ్లు గమనించగలరు.

కథ క్లుప్తంగా

‘ప్రీచర్’ అమెరికాలో 1995 నుంచి 2000 వరకు నెలనెలా వచ్చిన కామిక్. 66 సంచికలు, వాటితోపాటు కొన్ని ప్రత్యేక సంచికలు. రచన గార్త్ ఎన్నిస్, బొమ్మలు స్టీవ్ డిల్లన్, ముఖచిత్రాలు గ్లెన్ ఫాబ్రీ. డీసీ కామిక్స్ సంస్థ పెద్దవాళ్ల కోసం 1993లో ‘వర్టిగో’ పేరుతో ఒక విభాగం పెట్టింది. ఆ ముద్రతోనే ఇదీ వచ్చింది. 1999లో ఉత్తమ ధారావాహికగా ఐస్నర్ అవార్డు అందుకుంది. అమెరికన్ కామిక్స్ రంగంలో అంతకు మించిన గౌరవం లేదు.

టెక్సాస్‌లో ఆన్‌విల్ అనే ఊళ్లో జెస్సీ కస్టర్ అనే పాస్టర్ ఉంటాడు. విశ్వాసం ఎప్పుడో సన్నగిల్లినవాడు. ఒక దేవదూతకూ ఒక దయ్యానికీ పుట్టిన ‘జెనెసిస్’ అనే శక్తి స్వర్గం నుంచి తప్పించుకుని వచ్చి, ఆరాధన జరుగుతుండగా అతనిలో దూరుతుంది. చర్చిలో ఉన్నవాళ్లంతా కాలి చనిపోతారు. జెస్సీ మాత్రం బతుకుతాడు, ఒక వరంతో. అతను ఆ గొంతుతో ఏం చెబితే ఎదుటివాడు అది చేసి తీరాలి. జెనెసిస్ పుట్టిన క్షణంలోనే దేవుడు సింహాసనం వదిలేసి పారిపోయాడని అతనికి తెలుస్తుంది. ఎక్కడున్నాడో వెతికి పట్టుకుని, నీ ప్రజల్ని ఎందుకు వదిలేశావని నిలదీయాలని బయల్దేరతాడు. వెంట ఇద్దరు: తుపాకీ పట్టడంలో అతనికి తీసిపోని పాత ప్రియురాలు ట్యూలిప్, తాగుబోతు ఐరిష్ రక్తపిశాచి కాసిడీ. వెనక తరుముతూ ‘సెయింట్ ఆఫ్ కిల్లర్స్’ అనే చావులేని హంతకుడు, క్రీస్తు వంశాన్ని రహస్యంగా కాపాడుతున్నామని చెప్పుకునే ‘గ్రెయిల్’ అనే ముఠా.

ఈ కథ చెప్పినవాడు అమెరికావాడు కాదు. ఎన్నిస్ ఉత్తర ఐర్లాండ్‌లో బెల్‌ఫాస్ట్ పక్కనున్న హోలీవుడ్ అనే ఊళ్లో 1970లో పుట్టాడు (సినిమాల హాలీవుడ్‌తో సంబంధం లేదు). కాథలిక్, ప్రొటెస్టెంట్ అన్న గీత మీద మనుషులు చచ్చిపోతున్న చోట, ఆ రోజుల్లోనే పెరిగాడు. నాస్తికుడు. ఇరవై ఏళ్ల వయసులోనే మతం మీద రాసిన ‘ట్రూ ఫెయిత్’ అనే కామిక్ పుస్తకంగా వచ్చి, క్రైస్తవుల అభ్యంతరాలతో దుకాణాల నుంచి వెనక్కి వెళ్లిపోయింది. ప్రచురణకర్తలే వెనక్కి తీసుకున్నారు. అంటే ‘ప్రీచర్’ నాటికి దెబ్బ ఎలా ఉంటుందో అతనికి తెలుసు.

ఊళ్లో గొడవ ఎందుకు కాలేదు?

తెలుగు పాఠకుడికి సహజంగా వచ్చే సందేహం ఇది. ఇలాంటిది మన దగ్గర అచ్చయితే మర్నాటికే ఏదో ఒక ఠాణాలో ఫిర్యాదు పడుతుంది. మత విశ్వాసాలను కావాలని, దురుద్దేశంతో అవమానించడాన్ని నేరంగా చూసే పాత 295ఏ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299గా కొనసాగుతోంది. అమెరికాలో అలాంటి దారి మూసుకుపోయి చాలాకాలమైంది. పవిత్రతను కించపరిచిందన్న కారణంతో ప్రభుత్వం ఒక సినిమాను ఆపడం కుదరదని అక్కడి సుప్రీంకోర్టు 1952లోనే తేల్చింది.

అయితే చట్టం ఒప్పుకున్నంత మాత్రాన జనం ఊరుకోరు. 1999లో కెవిన్ స్మిత్ తీసిన ‘డాగ్మా’ సినిమా మీద కాథలిక్ సంఘాలు గట్టిగానే నిరసన తెలిపాయి. అంతకంటే ఎన్నో రెట్లు ఘాటుగా ఉన్న ‘ప్రీచర్’ అప్పటికి నాలుగేళ్లుగా నెలనెలా వస్తూనే ఉంది. దానికి అలాంటి సెగ తగల్లేదు. ఎందుకు?

సమాధానం అమ్మకం పద్ధతిలో ఉంది. ఒకప్పుడు అమెరికాలో కామిక్స్ కిరాణా కొట్లలో, పత్రికల స్టాండ్లలో పిల్లల చేతికి అందేలా దొరికేవి. అందుకే 1954లో ప్రచురణకర్తలు తమకు తామే ‘కామిక్స్ కోడ్’ పెట్టుకున్నారు. ఏ మతాన్నీ ఎగతాళి చెయ్యరాదని అందులో ఉంది. రక్తపిశాచులు, తోడేలు మనుషులు కూడా నిషిద్ధమే (పాపం, రక్తపిశాచులకు 1971లో అనుమతి దొరికింది). 1980లకు వచ్చేసరికి కామిక్స్ ఎక్కువగా వాటికోసమే పెట్టిన ప్రత్యేక దుకాణాలకు చేరాయి. కోడ్ ముద్ర లేకపోయినా అక్కడ అమ్ముకోవచ్చు. వర్టిగో పుస్తకాల మీద ఆ ముద్ర ఉండేది కాదు, దాని బదులు పెద్దవాళ్లు చదవదగ్గది అన్న సూచన ఉండేది. అభ్యంతరపెట్టే అవకాశమున్నవాళ్లు ఆ దుకాణం గడపే తొక్కరు. గడప తొక్కినవాళ్లు ఏం కొంటున్నారో తెలిసే కొంటారు.

దీన్నిబట్టి ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1990లలో ‘ప్రీచర్’ గురించి దొరికే స్పందనలన్నీ ముందే వడపోసినవి. సినిమాహాలు బయట ప్లకార్డు పట్టుకున్నవాడి గొంతు అందులో ఉండదు. డబ్బు పెట్టి కొన్నవాడి గొంతే ఉంటుంది.

చివరి పేజీల్లో ఉత్తరాలు

సంచిక చివర పాఠకుల ఉత్తరాలకు కేటాయించిన పేజీ ఉండేది. దాని పేరు ‘గాన్ టు టెక్సాస్’. పంతొమ్మిదో శతాబ్దంలో అప్పులపాలైనవాళ్లు రాత్రికి రాత్రి ఇల్లు వదిలి టెక్సాస్ పారిపోతూ తలుపు మీద రాసి వెళ్లేవాళ్లని చెప్పుకునే మాట అది. మన వారపత్రికల్లో సీరియల్ నడిచే రోజుల్ని తలుచుకోండి: కథానాయికను చంపొద్దని ఉత్తరాలు, వచ్చేవారం ఏమవుతుందో ఊహిస్తూ ఉత్తరాలు, రచయితకు చీవాట్లు పెడుతూ ఉత్తరాలు. అమెరికన్ కామిక్స్‌లో ఉత్తరాల పేజీ పాత్ర అదే.

ఇక్కడ మరో రెండు వడపోతలు. చదివినవాళ్లందరూ ఉత్తరం రాయరు. బాగా నచ్చినవాడో బాగా మండినవాడో రాస్తాడు. ‘ఫర్వాలేదు’ అనిపించినవాడు కలం తియ్యడు. ఇక వచ్చిన ఉత్తరాల్లో ఏవి అచ్చు వెయ్యాలో సంపాదకుడు ఎంచుతాడు. ఇలాంటి అమర్యాదస్తుడి పుస్తకానికి ఒక తిట్టు ఉత్తరం ప్రచారం కిందే లెక్క. కాబట్టి ఆ పేజీలో తిట్లు కనిపిస్తే పాఠకులు తిరగబడ్డారని గానీ, పొగడ్తలు కనిపిస్తే అందరూ మెచ్చారని గానీ అనుకోనక్కర్లేదు.

డీసీ సంస్థ 2002లో తన కామిక్స్‌లో ఉత్తరాల పేజీలు ఎత్తేసింది. సంపుటాలుగా కట్టినప్పుడు ఆ పేజీలు ఎలాగూ రాలిపోతాయి. ఇవాళ సంపుటం కొని చదివే పాఠకుడికి కథ మాత్రమే దొరుకుతుంది, దాని చుట్టూ ఐదేళ్లపాటు సాగిన కబుర్లు దొరకవు. నెల రోజులు ఎదురుచూసి ఇరవై చిల్లర పేజీలు చదివినవాడి స్పందన, రెండు రాత్రుల్లో మొత్తం మింగేసినవాడి స్పందన ఒకటి కావు. దీని సంగతి కాసిడీ దగ్గర మళ్లీ చూద్దాం.

తిట్టడం వేరు, దూషించడం వేరు

దైవదూషణ అన్న ఆరోపణ దగ్గర కొంచెంసేపు ఆగాలి. తెలుగువాళ్లకు దేవుణ్ణి తిట్టడం కొత్త కాదు. బందిఖానాలో దెబ్బలు తింటూ, నీకు చేయించిన నగలు పెట్టుకుని ‘ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు’ అని రాముణ్ణి దులిపేసిన రామదాసును మనం భక్తుడనే అంటాం. దానికి నిందాస్తుతి అని పేరు కూడా పెట్టుకున్నాం. క్రైస్తవంలోనూ ఆ గొంతు ఉంది. యోబు గ్రంథమంతా ఫిర్యాదే. ‘నా దేవా, నా దేవా, నీవు నన్నేల విడనాడితివి’ అన్న 22వ కీర్తన మాటలే సిలువ మీద యేసు నోట వస్తాయి.

జెస్సీ ప్రశ్న కూడా మాటకు మాట అదే: ఎందుకు వదిలేశావు? విశ్వాసం ఉన్న పాఠకుల్లో కొందరు ఈ కామిక్‌ను ఇష్టంగా చదవగలగడానికి కారణం ఇక్కడే ఉంది. వాళ్ల దృష్టిలో కథలో దెబ్బ తినేది దేవుడి పేరు చెప్పుకుని పెత్తనం చేసేవాళ్లు. జెస్సీ అమ్మమ్మ అలాంటిదే. బైబిలు వల్లిస్తూనే, మాట వినని మనవణ్ణి శవపేటికలో పెట్టి నీళ్లలోకి దించుతుంది.

కానీ ఈ వాదన కొంతదూరమే నడుస్తుంది. రామదాసు తిట్టిన నోటితోనే, దెబ్బలకు ఓర్వలేక తిట్టానయ్యా అని అదే పాటలో వేడుకుంటాడు. నిందాస్తుతిలో స్తుతి ఉండాలి. ‘ప్రీచర్’లో అది లేదు. ఇందులో దేవుడు తన్ను ప్రేమించేవాళ్లు కావాలన్న ఆబతో సృష్టి చేసినవాడు, ఆ ప్రేమ కోసం బెదిరిస్తాడు, బుజ్జగిస్తాడు, అబద్ధమాడతాడు. చివర్లో సెయింట్ ఆఫ్ కిల్లర్స్ స్వర్గంలో కాచుకుని కూర్చుని అతన్ని కాల్చి చంపి, ఖాళీ అయిన సింహాసనం మీద కూర్చుంటాడు. ఇది విలాపమేనని, దూషణ కాదని చెప్పడం రచయిత తరఫున మరీ మొహమాటపడటం. అతను దూషించాలనే రాశాడు. నొచ్చుకున్న పాఠకుడు తప్పుగా చదవలేదు. అతనికి నచ్చనిది నచ్చలేదన్నాడు, అంతే.

విచిత్రమేమిటంటే, నాస్తికుల వైపు నుంచి కూడా ఒక ఫిర్యాదుంది: దేవుడు లేడనే రచయిత అయిదేళ్లపాటు దేవుడి వెంట పడటమేమిటని. దీనికి నా దగ్గరున్న జవాబు చిన్నది. ఇందులో దేవుడి కంటే తండ్రులే ఎక్కువ. వియత్నాం యుద్ధం చేసి వచ్చిన జెస్సీ తండ్రి, మంచివాళ్ల పక్షాన ఉండమని కొడుక్కి చెప్పి, ఆ కొడుకు కళ్లముందే హతమవుతాడు. పిల్లల్ని వదిలేసి పారిపోయిన తండ్రిగా దేవుడు ఆయన పక్కన నిలబడాల్సి వస్తుంది. పోలిక అక్కడుంది.

నెత్తురు చూసి నవ్వెందుకొస్తుంది

రసాల లెక్కలో బీభత్సానికి మూలం జుగుప్స, ఏవగింపు. హాస్యం ఇంకో గది. ఈ కామిక్ ఆ రెండు గదుల మధ్య గోడ కొట్టేస్తుంది. దాన్ని కొట్టింది ఎన్నిస్ మాటల కంటే డిల్లన్ గీత.

డిల్లన్ పేజీ తెరిచి చూస్తే ఆర్భాటం ఉండదు. సూపర్‌హీరో కామిక్స్‌లోలాగా కండలు ఉబ్బవు, పేజీ చీల్చుకుని ఎవరూ దూకరు. గీత శుభ్రంగా, నేపథ్యం పొదుపుగా ఉంటుంది. బార్‌లో ఇద్దరు కూర్చుని నాలుగైదు పేజీలు మాట్లాడుకుంటారు. ముఖాలే మారుతుంటాయి, ఒక కనుబొమ్మ కొంచెం లేస్తుంది, అంతే. ఆ నెమ్మదికి అలవాటుపడ్డాక ఒక తల పేలుతుంది. పక్కనున్నవాడి ముఖంలో మాత్రం కరెంటు బిల్లు ఎక్కువొచ్చినంత చిరాకు తప్ప ఇంకేం ఉండదు. నవ్వు పుట్టేది ఆ ముఖం దగ్గర.

ఇదే పద్ధతి సెయింట్ ఆఫ్ కిల్లర్స్ కథలో నవ్వు లేకుండా పనిచేస్తుంది. జ్వరంతో ఉన్న భార్యాబిడ్డలకు మందు తేవడానికి పట్నం వెళ్లినవాణ్ణి ఒక దుండగుల గుంపు అడ్డగిస్తుంది. ఆలస్యమవుతుంది. తిరిగి వచ్చేసరికి ఇద్దరూ పోతారు. ఆ తర్వాత అతను చేసే హత్యలన్నిటికీ వెనక ఆ ఆలస్యముంది. నరకానికి వెళ్లినా అతని ద్వేషపు చలికి అక్కడి మంటలు గడ్డకడతాయి. హింస ఎక్కువని పక్కన పెట్టిన పాఠకులు కూడా ఈ భాగాన్ని మినహాయించడం కద్దు.

ముఖం పాడైన కుర్రాడు

అతని అసలు పేరు కంటే పాఠకులకు గుర్తున్నది ‘ఆర్స్‌ఫేస్’ అన్న వెక్కిరింపు పేరు. ముఖం పిర్రలా ఉందని అర్థం. 1994లో గాయకుడు కర్ట్ కొబేన్ ఆత్మహత్య చేసుకున్నప్పుడు, అతన్ని చూసి తానూ ప్రయత్నించి, ముఖం ఛిద్రమై బతికిపోయిన కుర్రాడు. తండ్రి ఊరి షెరీఫ్, కొడుకును మనిషిగా చూడని మొరటువాడు. కుర్రాడి మాట ఎవరికీ అర్థం కాదు. చూసినవాళ్లు వాంతి చేసుకోవడం ఈ కామిక్‌లో పదేపదే వచ్చే జోకు.

దీన్ని క్రూరత్వం అనేవాళ్ల పక్షం సులువుగా అర్థమవుతుంది. ఆత్మహత్యాయత్నం నుంచి బయటపడ్డ ఒక కుర్రాణ్ణి ఏళ్ల తరబడి నవ్వులాటకు వాడుకున్నారు. కొబేన్ పోయి అప్పటికి నిండా ఏడాది కాలేదు.

ఎదుటి పక్షం చెప్పేదీ వినాలి. ఈ కథలో ద్వేషం లేని పాత్ర దాదాపుగా అతనొక్కడే. 1996లో అతని మీదే ఒక ప్రత్యేక సంచిక వచ్చింది. అది ఇల్లు, బడి, తండ్రి కలిసి ఒక పిల్లవాణ్ణి ఎలా అంచుకు నెట్టాయో చెప్పే కథ. నవ్వినవాడే తర్వాతి పేజీలో సిగ్గుపడేలా రాశారని వీళ్ల వాదన.

నా మటుకు నాకు ఆ ప్రత్యేక సంచిక విషయంలో రెండో పక్షం నిజమే అనిపిస్తుంది. మిగతా సంచికల్లో మాత్రం సిగ్గు కంటే నవ్వుకే ఎక్కువ చోటు దొరికింది.

అదే బొమ్మ, కోపం మారింది

ఒక్క ఉదాహరణ తీసుకుంటే పాతికేళ్ల మార్పు కనిపిస్తుంది. గ్రెయిల్ ముఠా రెండు వేల ఏళ్లుగా క్రీస్తు వంశాన్ని బయటి రక్తం కలవకుండా కాపాడుతుంది. దగ్గరి రక్తసంబంధాల్లోనే పెళ్లిళ్లు చేసిన ఫలితంగా, లోకరక్షకుడిగా వాళ్లు సిద్ధం చేసిన వారసుడు మానసిక ఎదుగుదల లేని యువకుడు. ముఠా పెద్దలు అతని ముందు మోకరిల్లుతుంటారు. హాస్యం అక్కడ.

1990లలో ఈ దృశ్యం చదివినవాడు ఇది క్రీస్తుకు అవమానమా అని అడిగేవాడు. ఇవాళ అదే పేజీ చూపిస్తే, మతంతో ఏ సంబంధమూ లేని పాఠకుడు కూడా ఇబ్బందిగా కదులుతాడు. అతని ప్రశ్న వేరు: రక్తం స్వచ్ఛంగా ఉంచాలనే పిచ్చిని వెక్కిరించడానికి ఒక వైకల్యమున్న మనిషిని సాధనంగా వాడుకోవాలా? పేజీ మారలేదు, బొమ్మ మారలేదు. అప్పట్లో కాపలా ఉన్న చోటు ఒకటి, ఇప్పుడు కాపలా ఉన్న చోటు ఇంకొకటి. స్వలింగ సంపర్కుల మీద, దక్షిణాది పల్లెటూరివాళ్ల మీద వేసిన జోకుల సంగతీ ఇంతే. ఒకప్పుడు తెగువగా కనిపించినవి ఇప్పుడు బలహీనుడి మీద విసిరిన రాళ్లలా కనిపిస్తున్నాయి.

దీనికి ఎదురు వాదన ఉంది, కొట్టిపారేయలేనిది. ఎన్నిస్ ఎవర్నీ వదల్లేదు, పోపుల్నీ పోలీసుల్నీ హంతకుల్నీ ఒకే తూకంలో తూచాడు, ఒక్కరినే మినహాయించమనడం ఏం న్యాయమని. తూకం ఒకటే కావచ్చు, కానీ దెబ్బ ఒకేలా తగలదు. పోపు కార్యాలయానికి ఒక కామిక్ వల్ల పోయేదేమీ లేదు.

సినిమావాళ్లు, టీవీవాళ్లు ఈ చిక్కులన్నీ ముందే పసిగట్టారు. హెచ్‌బీఓ టీవీ చానల్‌లో దీన్ని సిరీస్‌గా తీసే ప్రయత్నం 2008లో ఆగిపోయింది. మరీ చీకటిగా ఉంది, మతపరంగా గొడవవుతుందని వెనక్కి తగ్గారని దాన్ని తలకెత్తుకున్న మార్క్ స్టీవెన్ జాన్సన్ చెప్పాడు. చివరికి ఏఎంసీ అనే మరో చానల్ 2016 నుంచి 2019 వరకు నాలుగు సీజన్లు తీసింది. ముఖం పాడైన కుర్రాణ్ణి అందులో ఎక్కువగా యూజీన్ అనే అసలు పేరుతో పిలిచారు, అతని గతాన్నీ మార్చారు. దాంతో కామిక్ అభిమానుల్లో కొందరు పళ్లు పీకేశారన్నారు, కొందరు బతికిపోయామన్నారు. మొదటి సీజన్ వచ్చిన 2016లోనే స్టీవ్ డిల్లన్ చనిపోయాడు.

అన్నిటికంటే పెద్ద తగువు కాసిడీది

దేవుడి గురించి పడ్డ పేచీకంటే పాఠకుల మధ్య ఎక్కువ కాలం నిలిచిన పేచీ ఒకటుంది. కాసిడీ మంచివాడా?

1916లో డబ్లిన్ తిరుగుబాటుకు వెళ్లి, అక్కణ్ణుంచి బయటపడ్డ రాత్రే రక్తపిశాచి అయిపోయిన ఐరిష్ కుర్రాడు. నవ్విస్తాడు, తాగుతాడు, స్నేహితుడి కోసం ఒళ్లు చీల్చుకుంటాడు. పాఠకులు జెస్సీ కంటే అతనికే ఎక్కువ దగ్గరయ్యారంటే ఆశ్చర్యం లేదు. ఆ తర్వాత రచయిత మెల్లగా తెర తీస్తాడు. కాసిడీ దాదాపు వందేళ్ల బతుకులో వెనక వదిలి వచ్చిన మనుషులు ఒక్కొక్కరూ కనిపిస్తారు: అతను కొట్టిన ఆడవాళ్లు, మత్తుకు అలవాటు చేసి వదిలేసినవాళ్లు. జెస్సీ చనిపోయాడనుకున్న రోజుల్లో ట్యూలిప్ దుఃఖాన్నీ మత్తునూ అదనుగా తీసుకుని ఆమెకు దగ్గరవుతాడు.

ఇక్కడే నెలనెలా చదవడానికీ, సంపుటాలుగా చదవడానికీ తేడా బయటపడుతుంది. రెండు రాత్రుల్లో చదివినవాడికి మొదటి భాగంలోనే ఉన్న సూచనలు వెంటనే అతుక్కుంటాయి, ఇంతేగా అనిపిస్తుంది. ఏళ్ల తరబడి అతనితో కూర్చుని తాగినట్టు చదివినవాడికి అది ద్రోహం. మన ఇంటికి వచ్చి వెళ్లే, అందర్నీ నవ్వించే బాబాయి గురించి ఆలస్యంగా తెలిసిన నిజంలాంటిది.

ఆడవాళ్ల వైపు నుంచి వచ్చిన విమర్శ దీనికి ముడిపడే ఉంటుంది. ట్యూలిప్ తుపాకీ పట్టగలదు, అయినా ప్రమాదం వచ్చిన ప్రతిసారీ ఆమె మంచి కోసమేనంటూ జెస్సీ ఆమెను వెనక వదిలి వెళ్తాడు. రచయిత దీన్ని జెస్సీ తప్పుగానే చూపించాడని కొందరు, ఆ తప్పును సాకుగా చేసుకుని ఆమెను పక్కన కూర్చోబెట్టాడని కొందరు. చివరికి జెస్సీ కన్నీళ్లు పెట్టుకుంటాడు. చిన్నప్పుడు దెబ్బలకు ఆగిపోయిన ఏడుపు అన్నేళ్లకు తిరిగి వస్తుంది. ట్యూలిప్ అతన్ని క్షమించి గుర్రమెక్కుతుంది. అంత తొందరగా క్షమించాల్సింది కాదన్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇక టెక్సాస్‌లోని అలామో కోట దగ్గర స్నేహితులిద్దరూ ఒకరినొకరు చావగొట్టుకున్నాక, కాసిడీ తనంతట తాను పొద్దుటి ఎండలోకి నడిచి బూడిదవుతాడు. అంతటితో ఆగి ఉంటే తగువు తీరేది. కానీ అతను అంతకుముందే దేవుడితో ఒక బేరం చేసుకున్నాడని, దానివల్ల మామూలు మనిషిగా తిరిగి వచ్చాడని ఆఖరి పేజీల్లో తెలుస్తుంది. ఇకనైనా మనిషిలా బతికి చూద్దామనుకుంటూ కనిపిస్తాడు. అతను కొట్టిన ఆడవాళ్లలో ఒక్కరినైనా అడగకుండా అతనికి ఆ రెండో అవకాశం ఎవరిచ్చారని కొందరు పాఠకుల ప్రశ్న. ఇచ్చింది ఇంకెవరు, కాసేపట్లో తుపాకీ గుండుకు పోబోతున్న ఆ దేవుడే.